పిల్లలకి, ఇంట్లోవాళ్లకి కౌన్సెలింగ్ కావాలంటే: విజయవాడ, గుంటూరుల్లో ఎక్కడికి, ఎలా వెళ్లాలి

"మా వాడు నెల రోజులుగా గదిలోంచి బయటికి రావడం లేదు, ఎక్కడ చూపించాలి?" "మా చెల్లెలి ఇంట్లో రోజూ గొడవలే, పిల్లలు బిక్కుబిక్కుమంటున్నారు, ఎవరికి చెప్పాలి?" ఇవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. ఇంటర్ పరీక్షల ముందు, ఫలితాల తర్వాత, జూన్‌లో పిల్లల్ని హాస్టళ్లలో దింపి వచ్చిన కొత్తలో మరీ ఎక్కువ. అందుకే ఒకచోట రాస్తున్నాను. విజయవాడ, గుంటూరు, మధ్యలో ఉన్న మంగళగిరి, తాడేపల్లి వాళ్లందరికీ పనికొస్తుంది.

దాదాపు అందరూ అడిగేది "మంచి డాక్టరు పేరు చెప్పండి" అనే. పేరు తర్వాత సంగతి. మీ సమస్య ఏ రకానిదో తేల్చుకుంటే ఏ గడప తొక్కాలో తెలుస్తుంది, అది తేలకుండా బయల్దేరితే మూడు నాలుగు చోట్ల డబ్బు వదిలించుకుని, చివరికి "ఇవన్నీ దండగ" అని ఇంట్లో కూర్చుంటారు. ఇంకోటి కూడా ముందే చెప్పేస్తా. పిల్లని అక్కడ వదిలేసి బాగు చేయించుకుని తెచ్చుకుందామంటే ఇది మిక్సీ రిపేరు కాదు, ఇంట్లో పెద్దవాళ్లు కూడా కూర్చోవాలి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఒక చిన్న నోట్‌బుక్. దేనికో రెండో మెట్టులో చెబుతాను.
- పిల్ల ఆధార్, తల్లి లేదా తండ్రి ఆధార్, ఓటీపీ వచ్చే ఫోను. ఆధార్ లేదని ఆగిపోకండి, ముందు వెళ్లండి.
- పాత వైద్యం కాగితాలు, వాడుతున్న మందుల చీటీలు. చిన్నపిల్లలైతే టీకాల కార్డు కూడా.
- స్కూలు ప్రోగ్రెస్ కార్డు, టీచరు ఏదైనా రాసిచ్చి ఉంటే అది.
- సగం రోజు సెలవు. వీలైతే ఇద్దరికీ.

సిఫారసు ఉత్తరం, కార్పొరేటర్ గారి ఫోను, "మనవాళ్లే, కాస్త చూడండి" అనే మాట, వీటితో పని లేదు.

1. ముందు ప్రమాదం ఉందేమో చూడండి

పిల్ల చచ్చిపోతానంటోందా, చేతులు కోసుకుంటోందా, ఇష్టమైన వస్తువులు ఉన్నట్టుండి ఎవరికో ఇచ్చేస్తోందా, ఎవరికో వీడ్కోలు చెప్పినట్టు మెసేజ్‌లు పెడుతోందా? అయితే కింద రాసిన వరస అంతా పక్కన పెట్టేయండి. ఒంటరిగా వదలకండి, అదే రోజు పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి, వెంటనే ప్రమాదం అనిపిస్తే 112కి ఫోన్ చేయండి. "చనిపోవాలని అనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందేమోనని చాలామంది భయం, అలా పుట్టదు. అడిగేవాళ్లు ఒకరున్నారని తెలిస్తే చెప్పేస్తారు కూడా.

గుంటూరు చుట్టుపక్కల మిర్చి, పత్తి వేసే ఇళ్లలో పురుగుమందు డబ్బా ఎప్పుడూ చేతికందేచోటే ఉంటుంది. ఈరోజే తాళంలో పెట్టండి, తాళంచెవి మీ దగ్గరుంచుకోండి, లేదా పొలంలో గదికి మార్చేయండి. ఎలుకల మందు, ఇంట్లో పెద్దవాళ్ల బీపీ, నిద్ర మాత్రలు కూడా అంతే. ఇప్పటికే ఏదైనా మింగితే ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించొద్దు, ఆ డబ్బా పట్టుకుని క్యాజువాలిటీకి పరుగెత్తండి. అక్కడ ఏం మందో తెలియడం చాలా ముఖ్యం. "పోలీసు కేసవుతుంది" అని దాచి ఆలస్యం చేసేవాళ్లున్నారు. ఆసుపత్రి వాళ్లు పోలీసులకి సమాచారం ఇవ్వడం మామూలే, కానీ ఆత్మహత్యకి ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు అని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది.

2. ఒక వారం రాయండి

ప్రమాదం లేదనుకుంటే, ఆ నోట్‌బుక్ తీయండి. రోజుకి నాలుగు లైన్లు చాలు. ఎన్నింటికి పడుకుంది, ఎన్నింటికి లేచింది, తిండి ఎలా ఉంది, స్కూలుకి వెళ్లిందా, గొడవ జరిగితే ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరిగింది. "పొగరుగా ఉంది", "మొండి" అని రాయొద్దు. "అన్నం పళ్లెం తోసేసింది, వాళ్ల నాన్న ఫోను లాక్కున్నాక" అని రాయండి. డాక్టరుకి మొదటిదానితో ఉపయోగం లేదు, రెండోదానితో సగం పని అయిపోతుంది.

ఈ మార్పు ఎప్పుడు మొదలైందో కూడా గుర్తు చేసుకుని రాయండి. ఇల్లు మారారా, స్కూలు మారిందా, తాతయ్యో అమ్మమ్మో పోయారా, ఇంట్లో అప్పుల గొడవ నడుస్తోందా. చిన్నవాళ్లకి తెలియదనుకునేవన్నీ వాళ్లకి తెలుస్తాయి.

హాస్టల్లో ఉన్న పిల్లల సంగతి వేరు. గూడవల్లి, నిడమానూరు వైపు హాస్టళ్లలో ఉన్నవాళ్లు ఫోన్లో "బాగానే ఉన్నా" అంటే, పక్కన వార్డెన్ నిలబడి ఉన్నారేమో అనుకోండి. ఆదివారం వెళ్లి బయటికి తీసుకొచ్చి, భోజనం పెట్టి, మార్కుల మాట ఎత్తకుండా గంట కూర్చోండి. వార్డెన్ "హోమ్ సిక్ అండీ, వారంలో సర్దుకుంటాడు" అంటారు. చాలామంది సర్దుకుంటారు, నిజమే. కానీ రెండు వారాలు దాటినా తిండి, నిద్ర సరిగా లేకపోతే ఫీజు కట్టేశాం కదా అని చూడకండి, పిల్లని ఇంటికి తెచ్చుకుని తర్వాత కాలేజీతో మాట్లాడండి.

3. ఏ గడప తొక్కాలో తేల్చుకోండి

*ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదా?* 14416. ఇది టెలి మానస్, మానసిక సమస్యలకి ప్రభుత్వ ఫోను సేవ, 2022 అక్టోబరు 10న మొదలైంది, రాత్రీపగలూ ఉంటుంది, డబ్బులేం పడవు. భాష ఎంచుకోమంటే తెలుగు ఎంచుకోండి. ముందు కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరమైతే సైకాలజిస్టుకో సైకియాట్రిస్టుకో కలుపుతారు. పిల్ల కోసం తల్లి ఫోన్ చేయొచ్చు, పిల్లే చేసుకోవచ్చు.

*దిగులు, భయాలు, నిద్ర లేకపోవడం, విపరీతమైన కోపం, పరీక్షల టెన్షన్, ఫోను వదలకపోవడం.* విజయవాడ, గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఉంది, ఓపీకి ఖర్చు లేదు. విజయవాడలో హనుమాన్‌పేట పాత ఆసుపత్రి వేరు, గుణదల వైపు కొత్తది వేరు, ఆటో ఎక్కేముందే ఏదో కనుక్కోండి. మంగళగిరి ఎయిమ్స్‌లో కూడా మానసిక వైద్య విభాగం ఉంది, రెండు ఊళ్ల వాళ్లకీ దగ్గరే. ఇంట్లో తాగుడు సమస్య ఉంటే ఈ విభాగాల్లోనే అడగండి, తాగుడు మాన్పించే వైద్యం మానసిక వైద్యుల పనే.

*చిన్నపిల్లల్లో మాట రాకపోవడం, పిలిస్తే పలక్కపోవడం, కళ్లలోకి చూడకపోవడం.* దీనికి కౌన్సెలింగ్ కాదు, ముందు పరీక్ష కావాలి. ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరగకపోతే, రెండేళ్లకి రెండు మాటలు కలిపి చెప్పలేకపోతే ఆగకండి. "వాళ్ల నాన్న కూడా ఆలస్యంగానే మాట్లాడాడు" అని అత్తగారు ఊరడిస్తారు, ఆ మాట మీద ఏడాది గడిచిపోతుంది, అదే అన్నిటికన్నా విలువైన ఏడాది. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా ఉచితంగా చూస్తారు. అంగన్‌వాడీ టీచరునో ఏఎన్ఎంనో అడిగితే జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి, అదే డైక్ అంటారు, పంపిస్తారు. బడి వయసు వస్తే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి, మండల విద్యాశాఖ ఆఫీసులో అడగండి. వైకల్యం ధ్రువపత్రం కావాలంటే సదరం స్లాట్ సచివాలయంలోనో మీసేవలోనో బుక్ చేసుకోవాలి. ఆటిజం, చదవడం రాయడంలో వచ్చే ఇబ్బంది కూడా 2016 చట్టంలో వైకల్యాల జాబితాలో ఉన్నాయి.

*ఇంట్లో కొట్టడం, బయటికి గెంటేయడం, భర్త వేధింపులు.* మహిళల హెల్ప్‌లైన్ 181కి చేయండి. ప్రతి జిల్లాలో సఖి వన్ స్టాప్ సెంటర్ ఉంటుంది. కౌన్సెలింగ్, వైద్యం, పోలీసు, లాయరు సాయం అన్నీ అక్కడి నుంచే, అయిదు రోజుల దాకా పిల్లలతో సహా తలదాచుకోవచ్చు. కోర్టు దాకా వెళ్లాల్సివస్తే ఆడవాళ్లకి, పిల్లలకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సాయం ఉంది, జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడగాలి, ఫోను 15100. విడిపోవాలో కలిసుండాలో తేల్చుకోలేని జంటలకి విజయవాడలో వాసవ్య మహిళా మండలి లాంటి సంస్థల్లో మాట్లాడేవాళ్లున్నారు.

*పిల్లని ఎవరైనా హింసిస్తున్నా, పనిలో పెట్టినా, బాల్యవివాహం చేస్తున్నా, ఇల్లు వదిలి వెళ్లిపోయినా.* పిల్లల హెల్ప్‌లైన్ 1098. రాత్రి రెండింటికైనా చేయొచ్చు, పక్కింటివాళ్లయినా చేయొచ్చు, పేరు చెప్పకపోయినా ఫర్వాలేదు. విజయవాడ జంక్షన్‌లో దిగే ఇల్లు వదిలిన పిల్లలతో నవజీవన్ బాలభవన్ ఎన్నో ఏళ్లుగా పనిచేస్తోంది. "1098కి చేస్తే పిల్లల్ని తీసుకెళ్లి హోంలో పడేస్తారు" అని భయపడకండి. విషయం బాలల సంక్షేమ సమితి ముందుకి వెళ్తుంది, హోం అనేది మరో దారి లేనప్పుడు ఆఖరున చూడాల్సిందని చట్టంలోనే ఉంది.

*తండ్రి లేక, లేదా మంచంపట్టి, డబ్బుకి కష్టమై పిల్లలు బడి మానేసే పరిస్థితి.* మిషన్ వాత్సల్య అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద అర్హులైన పిల్లలకి నెలకి రూ. 4,000 స్పాన్సర్‌షిప్ ఉంది. ఆదాయ పరిమితి పల్లెల్లో ఏడాదికి రూ. 72,000, పట్నంలో రూ. 96,000. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో దరఖాస్తు ఇవ్వాలి. మరణ ధ్రువపత్రం, ఆదాయ పత్రం, స్టడీ సర్టిఫికెట్, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సులు పట్టుకెళ్లండి. ఇది కౌన్సెలింగ్ కాదు కదా అంటారేమో, ఇంట్లో బియ్యానికి ఇబ్బందిగా ఉన్నప్పుడు ఎన్ని మాటలు చెప్పినా పిల్ల దిగులు పోదు.

జిల్లా విషయంలో ఒక తికమక ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక విజయవాడ ఎన్టీఆర్ జిల్లా అయింది, కానూరు, పోరంకి మాత్రం కృష్ణాలో ఉన్నాయి. తాడేపల్లి, మంగళగిరి గుంటూరు జిల్లా. నరసరావుపేట ఇప్పుడు పల్నాడు. దరఖాస్తు ఇచ్చేముందు మీ ఇల్లు ఏ జిల్లాలో ఉందో చూసుకోండి, లేకపోతే "మీది మా పరిధి కాదు" అనిపించుకుని వెనక్కి రావాలి. ఆసుపత్రులకి, ఫోను నంబర్లకి ఈ గొడవ లేదు.

4. లైంగిక వేధింపు అయితే వేరే దారి

పిల్ల చెప్పిందంటే నమ్మండి. పదిమంది పది సార్లు అడిగి చెప్పించొద్దు, ఒకసారి విని, ఆమె మాటల్లోనే రాసిపెట్టండి. అప్పుడే జరిగిందైతే స్నానం చేయించొద్దు, బట్టలు ఉతకొద్దు, ఆ బట్టల్ని కాగితం సంచిలో పెట్టి తీసుకెళ్లండి. మగపిల్లలకీ ఇదే చట్టం, ఇదే దారి.

పెద్దమనుషుల్లో పెట్టి, డబ్బు ఇప్పించి, "పరువు పోతుంది, వదిలేయండి" అని సర్దుబాటు చేయడం మన వైపు ఇంకా ఉంది. పోక్సో చట్టం 2012 ప్రకారం 18 ఏళ్లలోపు పిల్లలపై ఇలాంటిది జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకి చెప్పి తీరాలి, చెప్పకపోవడమే నేరం. వాంగ్మూలం పిల్ల ఇంట్లోనో తనకి నచ్చిన చోటో తీసుకోవాలి, పోలీసులు యూనిఫాంలో ఉండకూడదు, రాత్రిపూట పిల్లని స్టేషన్లో ఉంచకూడదు. ఆడపిల్లకి పరీక్ష చేసేది మహిళా డాక్టరే. వీటిలో ఏది తప్పినా అక్కడే అడగండి. పిల్ల పేరు, ఫొటో, స్కూలు పేరు బంధువుల వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టకండి, అదీ నేరమే.

5. పిల్లకి నిజం చెప్పి తీసుకెళ్లండి

బీసెంట్ రోడ్డుకి షాపింగ్ అని చెప్పి ఆసుపత్రిలో దింపితే ఆ రోజు నోరు విప్పదు, తర్వాత కూడా నమ్మదు. ఇలా చెప్పండి: "నీకేదో అయిందని కాదమ్మా. ఈ మధ్య మనింట్లో ఎవరికీ మనశ్శాంతి లేదు. మాట్లాడటానికి ఒకరి దగ్గరికి వెళ్దాం, నాన్న కూడా వస్తున్నారు. నచ్చకపోతే నచ్చలేదని చెప్పు." పదిహేనేళ్ల పిల్లాడు రానంటే బలవంతంగా లాక్కెళ్లకండి, మొదటిసారి మీరిద్దరే వెళ్లి మాట్లాడి రండి. అలా వెళ్లినా పని జరుగుతుంది.

తాయెత్తు కట్టించాలని, గుణదల మేరీమాత కొండకి వెళ్లాలని, దర్గాకి వెళ్లాలని ఇంట్లో పెద్దవాళ్లంటే దానికోసం పోట్లాడకండి. అదీ చేసుకోండి, ఓపీ మాత్రం వాయిదా వేయకండి. కొట్టడం, కట్టేయడం, పస్తులుంచడం లాంటివి చేసేచోటికి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పంపొద్దు.

6. మొదటి రోజు

పొద్దున్నే వెళ్లండి. ఓపీ చీటీ రాయించుకునే దగ్గర "పిల్లల మానసిక సమస్య" అంటే చాలు, వరసలో అందరూ వినేలా కథంతా చెప్పక్కర్లేదు. లోపలికి వెళ్లాక నోట్‌బుక్ ఇవ్వండి. తర్వాత "పిల్లతో విడిగా మాట్లాడతారా?" అని మీరే అడగండి, అడిగి బయటికి వచ్చేయండి. బయటికి వచ్చాక "ఏం చెప్పావు, మా గురించి ఏమన్నావు?" అని ఆరా తీస్తే, రెండోసారి ఆ పిల్ల లోపల కూడా ఏమీ చెప్పదు. ప్రాణానికి ప్రమాదం ఉంటే కౌన్సెలరే మీకు చెబుతారు.

రద్దీ రోజుల్లో డాక్టరు చూసేది కొద్ది నిమిషాలే. కోపం తెచ్చుకోకుండా ఇవి అడిగి రండి: ఏమై ఉండొచ్చు, మందు కావాలా మాటలు చాలా, ఇంట్లో మేం ఏం మార్చుకోవాలి, మళ్లీ ఎప్పుడు రావాలి, మధ్యలో ఇబ్బందైతే ఎవరికి చేయాలి.

ప్రైవేటుకి వెళ్తే ఇంకో జాగ్రత్త. సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ మీద మానసిక వైద్యంలో పీజీ చేసినవారు, మందులు రాసేది వాళ్లే. క్లినికల్ సైకాలజిస్టు అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదై ఉండాలి, నంబరు అడగండి, మంచివాళ్లు ఏమీ అనుకోరు. మూడు నెలల వారాంతపు సర్టిఫికెట్‌తో బోర్డు పెట్టినవాళ్లు మన ఊళ్లో తక్కువేం లేరు. "పదిహేను రోజుల్లో గ్యారంటీ" అన్నా, వేలిముద్రలు చూసి పిల్లల తెలివి చెబుతామన్నా, కళ్లకి గంతలు కట్టి చదివిస్తామన్నా లేచి వచ్చేయండి. ఫీజు ఒక్కోసారికి ఎంతో ముందే అడగండి, పది సెషన్ల ప్యాకేజీ మొదటి రోజే కట్టకండి.

తరచుగా చేసే పొరపాట్లు

అన్నిటికన్నా పెద్దది, ఒకసారి వెళ్లి మానేయడం. మొదటిసారి పరిచయంతోనే సరిపోతుంది, కనీసం నాలుగైదుసార్లు వెళ్లకుండా పనిచేయలేదని తేల్చకండి. రెండోది మందులు. దిగులుకి ఇచ్చే మందులు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, ఈలోగా నాలుగో రోజే "మార్పేం లేదు" అని ఆపేస్తారు, లేదా కాస్త బాగుందనగానే "అలవాటైపోతాయి" అని ఆపేస్తారు. ఎప్పుడు ఎలా తగ్గించాలో డాక్టరే చెప్పాలి. మందు మొదలైన కొత్తలో పిల్ల మరీ అశాంతిగా ఉన్నా, చనిపోయే మాటలు మాట్లాడినా తర్వాతి తేదీ దాకా ఆగకుండా వెంటనే చూపించండి.

మూడోది, పిల్ల ముందే చుట్టాలకి ఫోన్లో చెప్పడం. "మా వాడికి కౌన్సెలింగ్ ఇప్పిస్తున్నాం, ఏం చేస్తాం మా ఖర్మ" అని. పక్కగదిలో వింటూనే ఉంటాడు.

ఇక తండ్రి రాకపోవడం. "నాకు డ్యూటీ ఉంది, నువ్వు తీసుకెళ్లు" అంటారు. గొడవ జరిగేది తండ్రికీ కొడుక్కీ అయితే, తల్లి వెళ్లి ఏం చెబుతుంది?

పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది

మార్కులు చూడకండి, అవి అన్నిటికన్నా ఆఖరున మారతాయి. అదే నోట్‌బుక్‌లో నెల తర్వాత మళ్లీ ఒక వారం రాసి, మొదటి వారం పక్కన పెట్టి చూడండి. నిద్ర వేళకి పడుతోందా, అందరితో కలిసి ఒక్కపూటైనా తింటోందా, స్కూలుకి వెళ్లిన రోజులు పెరిగాయా, గొడవ జరిగినా ముందుకన్నా తొందరగా చల్లారుతోందా. తనంతట తానే ఏదైనా చిన్న విషయం చెప్పిందంటే, అది క్రికెట్ స్కోరైనా సరే, రాసుకోండి. మధ్యలో రెండు రోజులు మళ్లీ మొదటికొచ్చినట్టు ఉంటుంది, దానికి కంగారు పడక్కర్లేదు.

నెలన్నర గడిచినా ఏమీ మారకపోతే కౌన్సెలర్‌నే అడగండి, "ఇంకేదైనా చూడాలా?" అని. చెవి, చూపు, థైరాయిడ్, రక్తహీనత లాంటివి చూపించారో లేదో కూడా అడగండి. పిల్లకి ఆ మనిషి నచ్చకపోతే మార్చుకోవచ్చు, మొహమాటపడాల్సిన పని లేదు. కానీ మార్చిన ప్రతిసారీ కారణం రాసుకోండి, నాలుగోసారి కూడా "వీళ్లూ బాగాలేదు" అనిపిస్తుంటే ఆ కారణాలన్నీ ఒకసారి చదువుకోండి. వాళ్లు చెప్పేది పిల్లకి నచ్చట్లేదా, మీకు నచ్చట్లేదా అనేది అక్కడ బయటపడుతుంది.

చీటీలు, రిపోర్టులు, నోట్‌బుక్ అన్నీ ఒకే ఫైల్లో పెట్టండి. కాలేజీ వాళ్లకి ఆ ఫైలు చూపించాల్సిన అవసరం లేదు, అడిగినా ఇవ్వనక్కర్లేదు. పరీక్షల్లో అదనపు సమయం లాంటి వెసులుబాటు కావాలంటే సంబంధించిన సర్టిఫికెట్ జిరాక్సు ఒక్కటి ఇస్తే చాలు. రేపు పిల్ల విశాఖలోనో హైదరాబాదులోనో చేరితే అదే ఫైలు పట్టుకెళ్లండి, అక్కడి డాక్టరుకి మళ్లీ మొదటినుంచి చెప్పే పని తప్పుతుంది.